మనసుకూ ఒక పాసుపుస్తకం

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



సహకార ఇన్‌స్పెక్టరు వచ్చాడంటే నగదు పుస్తకం, స్టాకు రిజిస్టరు, మినిట్సు పుస్తకం అడుగుతాడని మీకందరికీ తెలుసు. ఈ రోజు మేము ఆ మూడూ అడగబోవడం లేదు. ఏ సంఘంలోనూ తనిఖీకి రాని పుస్తకం ఒకటున్నది. అది మన మనసు. దాని గురించి నాలుగు మాటలు చెప్పమని శిక్షణ విభాగం వారు కోరారు. మేము సహకార డిప్లమా చదివినవాళ్లమే గాని మనోవైద్యులం కాము. ఏళ్ల తరబడి సంఘాల తగాదాలు విని కొంత, ఈ విషయం మీద పెద్దలు చెప్పినది చదివి కొంత గ్రహించాము. దానినే మీ ముందుంచుతున్నాము.

పాల సంఘానికీ మనసుకూ ఏమిటి సంబంధం అని మీరడగవచ్చు. సంఘాలలో వచ్చే ఫిర్యాదులలో కొన్ని నిజంగా లెక్కల తప్పులే. వాటికి లెక్కలతోనే జవాబు చెప్పాలి. కాని మరికొన్నిటిలో పుస్తకాలన్నీ తిరగేసినా లెక్క సరిగానే ఉంటుంది. మనుషులకే పొసగదు. పదేళ్లు పాలు పోసిన సభ్యుడు ఒక్క పూట కోపంతో సంఘం మాని ప్రైవేటు వ్యాపారి దగ్గరకు పోతాడు. బోనసు పోతుంది, దాణా సదుపాయం పోతుంది, అన్నదమ్ముల్లాంటి ఇద్దరికి మాటలుండవు. ఆ రాత్రి అతని ఇంట్లో అన్నం సయించదు. ఇంత నష్టం ఎక్కడ మొదలైందని వెనక్కు పోయి చూస్తే, ఒక్క ఆలోచన దగ్గర మొదలై ఉంటుంది.

గేదె నేర్పే పాఠం

మీకు బాగా తెలిసిన సంగతితోనే మొదలుపెడతాము. దూడను వదిలినప్పుడు, పొదుగు కడిగినప్పుడు, ఒక్కొక్కసారి తెపాలా చప్పుడు విన్నంతమాత్రాన గేదె చేపుతుంది. మెదడు దగ్గర ఉన్న గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ అనే పదార్థం రక్తంలో కలిసి పొదుగును చేరుతుంది, పాలు దిగుతాయి. ఆ పని కొద్ది నిమిషాలే ఉంటుంది కాబట్టి ఆ వ్యవధిలోనే పిండుకోవాలి. అదే సమయంలో కుక్క మీదికి వచ్చినా, ఎవరైనా కర్రతో కొట్టినా, కొత్త మనిషి కూర్చున్నా గేదె బెదురుతుంది. బెదురుకు పుట్టే అడ్రినలిన్ ఆ పనిని అడ్డుకుంటుంది. పొదుగులో పాలున్నా దిగవు. ఎగజేపింది అంటాము.

తెపాలాలో ఏమున్నది? అది వట్టి పాత్ర. అయినా రోజూ తెపాలా చప్పుడు వెంట దాణా, దూడ, పిండడం వస్తుండటంవల్ల గేదె ఒళ్లు ఆ చప్పుడుకే అలవాటు పడింది. రష్యా శాస్త్రజ్ఞుడు పావ్‌లోవ్ కుక్కల మీద చేసిన ప్రయోగాలలో ఈ సంగతినే నిరూపించాడు. తిండి కనబడకముందే, తిండి తెచ్చే మనిషి అడుగుల చప్పుడుకే కుక్క నోట నీరూరేది.

మనుషులమూ ఇందుకు మినహాయింపు కాము. మనకూ తెపాలా చప్పుళ్లు ఉన్నాయి. కొందరికి అప్పు ఇచ్చినాయన మోటారు సైకిలు చప్పుడు. కొందరికి పాసుపుస్తకంలో తగ్గిన అంకె. కొందరికి అత్తగారి దగ్గు. ఆ చప్పుడు వినగానే మనకు తెలియకుండానే ఒళ్లు బిగుస్తుంది, గుండె కొట్టుకుంటుంది, మాట కరుకవుతుంది. గేదెకూ మనకూ తేడా ఒక్కటే. గేదె తన అలవాటును తాను గమనించుకోలేదు. మనం గమనించుకోగలం. గమనించుకుంటే మార్చుకోగలం కూడా.

ఆలోచన అర్జీ మాత్రమే, ఉత్తర్వు కాదు

మా కార్యాలయానికి ఒక అర్జీ వస్తుంది. “ఫలానా కార్యదర్శి సొమ్ము తిన్నాడు” అని అందులో ఉంటుంది. అర్జీ వచ్చింది కదా అని ఆ సాయంత్రమే కార్యదర్శిని తొలగిస్తామా? 1964 సహకార సంఘాల చట్టంలో విచారణకు 51వ సెక్షను ఉన్నది. నోటీసు ఇవ్వాలి, పుస్తకాలు చూడాలి, రెండు పక్షాలూ వినాలి, నివేదిక రాయాలి. ఉత్తర్వు ఆ తరువాతనే.

మన మనసులో మాత్రం ఈ పద్ధతి లేదు. ఆలోచన రావడమే ఆలస్యం, అదే తీర్పు. అర్జీదారూ తానే, సాక్షీ తానే, న్యాయమూర్తీ తానే. అవతలివాడికి నోటీసు కూడా అందదు, శిక్ష మాత్రం అమలవుతుంది.

అమెరికాలో ఆల్బర్ట్ ఎల్లిస్ అనే మనస్తత్వవేత్త 1950లలోనూ, ఆరన్ బెక్ అనే మనోవైద్యుడు 1960లలోనూ ఈ విషయాన్నే వైద్య పద్ధతిగా రూపొందించారు. దిగులుతో బాధపడే రోగులు చెప్పేది బెక్ శ్రద్ధగా విన్నాడు. ఒక సంఘటన జరగగానే వారి మనసులో కొన్ని ఆలోచనలు తమంతట తామే దొర్లుతున్నాయని, రోగి వాటిని ఆలోచనలుగా గాక నిజాలుగా నమ్ముతున్నాడని కనుగొన్నాడు. ఆ ఆలోచనలను బయటికి తీసి, సాక్ష్యంతో సరిచూడటం నేర్పితే చాలామంది తేరుకున్నారు. ఇప్పుడు మన దేశంలోని మానసిక వైద్యశాలలలో కూడా ఈ పద్ధతి వాడుకలో ఉన్నది.

దీని క్రమం సులభమే. ఒక సంఘటన జరుగుతుంది. దాని మీద ఒక ఆలోచన వస్తుంది. ఆలోచన నుంచి కోపమో, దిగులో, భయమో పుడుతుంది. దాని వెంట ఒక పని చేస్తాము. సంఘటన వల్లనే కోపం వచ్చిందనుకుంటాము. నడుమ ఆలోచన ఒకటున్నదని మరచిపోతాము.

ఉదాహరణ చూడండి. ఇద్దరు సభ్యులకు ఒకే పూట వెన్న శాతం 6.8 నుంచి 5.9కి తగ్గింది. మొదటి సభ్యుడు “టెస్టరు నామీద కక్ష కట్టాడు” అనుకున్నాడు. ఆ పూటంతా కుతకుతలాడాడు. రెండవ సభ్యుడు “ఏదో తేడా జరిగింది, చూద్దాం” అనుకొని ఇంటికి పోయి విచారించాడు. తగ్గింది ఇద్దరికీ ఒకటే. ఆ రోజు గడిచిన తీరు మాత్రం ఒకటి కాదు.

తగ్గడానికి కారణాలు ఎన్నో ఉంటాయి. పిండటం మొదట్లో వచ్చే పాలలో వెన్న తక్కువ, చివరి ధారలలో ఎక్కువ. చివరిపాలు దూడకు వదిలితే సంఘానికి పలుచని పాలే వస్తాయి. ఎండుమేత తగ్గి దాణా పెరిగినా వెన్న తగ్గవచ్చు. నమూనా తీసేముందు పాలు బాగా కలపకపోతే అంకె అటూ ఇటూ కావచ్చు. పూట పూటకూ కొంత తేడా ఎటూ ఉంటుంది. నిజంగానే యంత్రంలో లోపం ఉండవచ్చు. మోసం కూడా జరగవచ్చు. ఇన్ని కారణాలలో మొదటి సభ్యుడి మనసు ఒక్కదాన్నే ఎందుకు పట్టుకున్నది? అదే ఆయన అలవాటు. ప్రతి మనసుకూ అరిగిన బాట ఒకటి ఉంటుంది, బండి ఎప్పుడూ ఆ గాడిలోనే పడుతుంది.

తరచుగా కనిపించే గాడులు

ఎవరి గాడి ఏదో వారే గుర్తుపట్టాలి. మేము గమనించినవి కొన్ని చెబుతాము.

1. గోరంతలు కొండంతలు చేయడం. గేదె ఒక పూట మేత మానింది. “ఇక ఇది బతకదు, అప్పు తీరదు, పిల్ల పెళ్లి ఆగిపోతుంది” అని అర్ధరాత్రికల్లా మనసు కొంప ముంచేస్తుంది. తెల్లవారి చూస్తే అజీర్తి.

2. ఒకటి జరిగితే అన్నీ అంతే అనడం. గేదె రెండుసార్లు తిరగపొర్లింది. “నా చేతికి ఏదీ కలిసిరాదు” అంటుంది ఒక సోదరి. రెండుసార్లు చూలు నిలవకపోవడం పశువుకు సంబంధించిన సంగతి. ఎద గుర్తించిన వేళలోనో, గర్భాశయంలోనో, మేతలో లవణాల లోపంలోనో కారణం ఉండవచ్చు. పశువైద్యుడు చూడవలసిన దానిని ఆమె తన నుదుటి రాతకు అంటగట్టుకున్నది.

3. ఎదుటివారి మనసు మనకు తెలుసనుకోవడం. సర్వసభ్య సమావేశంలో వెనుక వరుసలో ఇద్దరు నవ్వుకుంటారు. “నన్నే” అనుకుంటాడు అధ్యక్షుడు. వారు నిన్నటి పెళ్లిభోజనం గురించి నవ్వుకుంటుండవచ్చు. అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరికే అనలేదు.

4. అయితే అటు, లేకపోతే ఇటు. “సంఘం పూర్తిగా నిజాయితీగా ఉండాలి, లేకుంటే అంతా దొంగలే.” ఒక నెల బిల్లు ఆలస్యమయితే పదేళ్ల మేలు తుడిచిపెట్టుకుపోతుంది.

5. ప్రతి నష్టాన్నీ తన తప్పుగా మోయడం. ఈ గాడి ఆడవారిలో మాకు ఎక్కువగా కనిపించింది. దూడ చచ్చినా, పాలు విరిగినా, పిల్లవాడు పరీక్ష తప్పినా “నేనే సరిగా చూసుకోలేదు” అని కుమిలిపోతారు. గొడ్డు చాకిరీ ఎక్కువ భాగం వారిదే. నింద కూడా వారే మోయాలంటే ఎట్లా?

ఆలోచన వెంట నడిచే అలవాట్లు

ఆలోచనకు గాడి ఉన్నట్లే నడతకూ ఉంటుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపడం మన ఇళ్లలో పాత సంగతే. కేంద్రంలో వచ్చిన కోపం కేంద్రంలో చూపలేక ఇంటికి మోసుకొస్తాము. భార్య మీద అరుస్తాము, పిల్లవాణ్ణి కసురుతాము, చివరికి గేదెను కొడతాము. సాయంత్రం గేదె ఎగజేపుతుంది. పాలు తగ్గాయని మళ్లీ కోపం. ఈ గానుగ ఇట్లా తిరుగుతూనే ఉంటుంది.

రెండవ అలవాటు ముడుచుకోవడం. దిగులు పుట్టినప్పుడు మనిషి నలుగురిలోకి రాడు. సమావేశం మానతాడు, పాలు పిల్లవాడి చేత పంపుతాడు, పలకరిస్తే తల వంచుకొని పోతాడు. నలుగురూ పలకరించడం తగ్గిస్తారు. “చూశావా, నేనెవరికీ అక్కరలేదు” అని మనసు రుజువు చూపిస్తుంది. ఈ రుజువును తయారుచేసింది తన నడతే అని అతనికి తోచదు. ఇక్కడ వైద్యులు చెప్పే ఉపాయం వినడానికి చిన్నది, పని మాత్రం చేస్తుంది. ఉత్సాహం వచ్చాక లేద్దామని కూర్చోవద్దు, ముందు లేచి ఒక చిన్న పని చేయండి, ఉత్సాహం వెనుక వస్తుంది. దిగులుగా ఉన్న రోజున కూడా పాలు మీరే తీసుకొని కేంద్రానికి రండి. ఒకరితోనయినా మాట్లాడి వెళ్లండి.

మూడవది మందు. బాధ మరవడానికి తాగుతున్నామంటారు. ఆ పూటకు మరుస్తారు. తెల్లవారి బాధ అట్లాగే ఉంటుంది, పాల బిల్లులో కొంత సొమ్ము మాత్రం ఉండదు.

పాసుపుస్తకం రాసే పద్ధతి

ఇక చేయవలసిన పని చెబుతాము. మీ పాల పాసుపుస్తకంలో తేదీ, పూట, లీటర్లు, వెన్న, ధర, సొమ్ము అని గళ్లు ఉంటాయి. పదిరోజులు వరుసగా చూస్తే తప్ప గేదె తీరు తెలియదు. మనసు తీరూ అంతే. పిల్లల పాత నోటుపుస్తకం ఒకటి తీసుకొని అయిదు గళ్లు గీయండి. జరిగింది ఏమిటి? మనసు ఏమన్నది? ఏమనిపించింది, పదింట ఎన్ని పాళ్లు? ఏం చేశాను? తరువాత ఏమని తేలింది?

ఒక సభ్యుడి పుస్తకం ఇట్లా ఉండవచ్చు.

జరిగింది: ఉదయం వెన్న 5.9 వచ్చింది. మనసు అన్నది: కావాలనే తగ్గించారు. అనిపించింది: కోపం, ఎనిమిది పాళ్లు. చేసింది: ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చేశాను, ఇంట్లో పిల్లవాణ్ణి కసిరాను. తేలింది: నేను ఊరికి పోయిన పూట చివరి ధారలు దూడకు వదిలారట. సాయంత్రం 6.9 వచ్చింది.

ఇట్లా రెండు మూడు వారాలు రాయండి. చదువు రానివారు పడుకునేముందు ఇంట్లో ఒకరితో చెప్పుకోవచ్చు, లేదా మనసులో వరుసగా తలచుకోవచ్చు. మూడు సంగతులు బయటపడతాయి. ఏ చప్పుడుకు మన ఒళ్లు బిగుస్తున్నదో తెలుస్తుంది. మనసు ఏ గాడిలో పడుతున్నదో తెలుస్తుంది. చివరి గడి నిండేకొద్దీ, మనసు ఇచ్చిన తీర్పులలో ఎన్ని నిలిచాయో, ఎన్ని కొట్టుబడిపోయాయో తెలుస్తుంది. అప్పుడు ఈసారి కోపం వచ్చినప్పుడు “అర్జీ వచ్చింది, విచారణ చేద్దాం” అనే ఒక్క మాటకు మనసులో చోటు దొరుకుతుంది. ఆ చోటే కావలసింది. నాలుగు సార్లు నిదానంగా ఊపిరి పీల్చి వదిలేంత వ్యవధి చాలు.

విచారణలో మూడు ప్రశ్నలు వేసుకోండి. దీనికి నా దగ్గర సాక్ష్యమేమున్నది? ఇంకో కారణం ఉండవచ్చునా? ఇదే సంగతి పక్కింటాయనకు జరిగితే ఆయనకు నేనేం చెబుతాను? పరాయివారికి మనం మంచి సలహానే ఇస్తాము. అదే సలహా మనకు మనం ఇచ్చుకోము.

కోపం నిజమైనప్పుడు

ఇక్కడ ఒక హెచ్చరిక. మేము చెప్పేది “అంతా మీ ఆలోచనలోనే ఉన్నది, నోరు మూసుకొని పాలు పోయండి” అని కాదు. విచారణలో అర్జీ నిజమని తేలవచ్చు. తూకంలో మోసం, పరీక్షలో మోసం, బిల్లు ఎగవేత జరిగితే కోపం న్యాయమైనదే. ఇంట్లో కొట్టే భర్త ఉంటే ఆ ఇల్లాలి భయం న్యాయమైనదే. అది ఆలోచనలో లోపం కాదు. దానికి దిద్దుబాటు బయట జరగాలి.

అయితే న్యాయమైన కోపానికి కూడా దారి కావాలి. మీ ఎదుటనే పాలు కలిపి మళ్లీ పరీక్షించమని అడగండి. అది మీ హక్కు. పాత గెర్బరు పద్ధతిలో 10 మిల్లీలీటర్ల ఆమ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలు అని కొలతలున్నాయి. కొత్త యంత్రానికి కూడా సరిచూసే పద్ధతి ఉన్నది. తేడా ఉంటే తేదీ, పూట, అంకెలతో పాలకవర్గానికి రాసి ఇవ్వండి. అక్కడ కాకపోతే పై అధికారులకు రాయండి. పాసుపుస్తకంలో అంకెలతో వచ్చిన మనిషిని ఏ అధికారీ తేలికగా తీసిపారేయలేడు. అరిచి వెళ్లిన మనిషి మాట మాత్రం కేంద్రం గుమ్మం దాటదు.

కార్యదర్శులకు కూడా ఒక మాట. అనుమానం చీకటిలో పెరుగుతుంది. నమూనా తీసేముందు పాలు కలపండి. అంకె సభ్యుడికి కనిపించేటట్లు చూపండి. తగ్గిన పూట “ఎందుకు తగ్గిందో చూసుకోండమ్మా” అని ఒక్క మాట అనండి. అడిగినవారిని కసరవద్దు. మీ విసుగుకూ ఒక గాడి ఉన్నది, దానినీ రాసుకోండి.

మన చేతిలో లేనిదయినప్పుడు

కొన్ని బాధలు పుస్తకం రాసుకుంటే పోయేవి కావు. రెండు వారాలకు మించి రోజంతా దిగులుగా ఉన్నా, నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, ఇంతకుముందు ఇష్టమైనదేదీ ఇష్టం లేకపోయినా అది జబ్బు కావచ్చు. పొదుగువాపు వస్తే “నా కర్మ” అని కూర్చుంటామా? డాక్టరును పిలుస్తాము. మనిషికీ అంతే చేయాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చెప్పుకోవచ్చు. ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేస్తే పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడేవారుంటారు. డబ్బు ఖర్చు లేదు.

బతకడమెందుకు అన్న మాట ఎవరి నోట విన్నా తేలికగా తీసుకోవద్దు. “అటువంటి ఆలోచన వస్తున్నదా?” అని సూటిగా, మెల్లగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. ఆ మనిషిని ఒంటరిగా వదలవద్దు. ఇంట్లో పురుగుమందు ఉంటే తాళం వేయండి, లేదా ఇల్లు దాటించండి. అటువంటి ఆలోచన అలలాగా వచ్చి పోతుంది. ఆ గడియ దాటేవరకు మందు చేతికందకపోతే ప్రాణం నిలుస్తుంది.

ఊరిలో రోజూ రెండు పూటలా అందరూ వచ్చే చోటు పాలకేంద్రమే. ఎవరు రావడం మానారో, ఎవరి ముఖం వాడిందో ముందుగా తెలిసేదీ అక్కడే. రెండు పూటలు వరుసగా రాని సభ్యుడి ఇంటికి ఒకరు వెళ్లి పలకరించడం పాలకవర్గం ఒక ఆనవాయితీగా పెట్టుకోవాలని మా మనవి. దీనికి తీర్మానం అక్కరలేదు, నిధులు అక్కరలేదు.

రేపు ఉదయం పాలు పోసి పాసుపుస్తకం చేతికి తీసుకున్నప్పుడు అంకెను చూడండి. ఆ వెంటనే మనసు ఏమన్నదో కూడా ఒక్క క్షణం వినండి. విన్నది రాసుకోండి.